స్పీకర్‌లో మిగిలిన గరగర

దోస్తు ప్రభాకర్ కనబడకుండా పోయాక కూడా జుబేర్ ఆ ఆటడబ్బాకి గొంతు తెప్పించే పని ఆపలేదు. ఆపితే చేయడానికి ఇంకేమీ లేదు.

వెతకాల్సిన చోట్లన్నీ వెతికాడు. గడ్డపోతారంలో ప్రభాకర్ ఉండే రూముకి వెళ్లాడు. పరుపు చుట్టేసి ఉంది, బ్యాగు లేదు. పటాన్‌చెరు బస్టాండ్‌లో, రుద్రారం హాస్టళ్ల ముందు టీ కొట్లలో ఫోటో చూపించాడు. పోలీస్ స్టేషన్‌లో ప్రభాకర్ తల్లి బక్కమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు; ఫోన్ ఎక్కడుందో చూస్తామన్నారు, చూడలేదు. ప్రభాకర్ పనిచేసే మందుల కంపెనీ ఒకటే మాట చెప్పింది: సాయంత్రం షిఫ్టు దిగి గేటు దాటి వెళ్లిపోయాడు. కాంట్రాక్టు లేబర్ ఇలా చెప్పకుండా పోవడం మామూలే.

ఆ మాటని కొట్టిపారేయడానికి జుబేర్‌కి వీల్లేకపోయింది. ఆ గేటు దగ్గర ఆ రోజు డ్యూటీలో ఉన్నది అతని తండ్రి ఫజలుద్దీన్.

"నా ముందటి నుంచే పోయిండు," అన్నాడు ఫజలుద్దీన్. కొడుకుతో అన్నాడు. స్టేషన్‌లో అదే రాయించి సంతకం పెట్టాడు. బక్కమ్మకీ అదే చెప్పాడు.

జుబేర్ అబ్బా అబద్ధం ఆడడు. ఆ ఇంట్లో దాని గురించి ఎవరూ ఆలోచించను కూడా లేదు.

అందుకే జుబేర్ డబ్బా ముందు కూర్చున్నాడు.

రిపేరు దుకాణాల్లో ఏరుకొచ్చిన చిన్న తెర, బొమ్మకారు రిమోట్‌లోంచి పీకిన బటన్లు, అరచేతిలో సగం ఉండే బోర్డు, పాత ఫోన్ బ్యాటరీ. వాటన్నిటినీ రెండు చేతుల్లో ఇమిడే ప్లాస్టిక్ పెట్టెలో బిగించింది జుబేర్. అందులో ఆడే ఆట రాసింది ప్రభాకర్. బస్సు ఆట. సంగారెడ్డి చౌరస్తాలో ఎక్కి పటాన్‌చెరులో దిగాలి. మధ్యలో ట్యాంకర్లు, రాంగ్‌సైడ్ ఆటోలు, డివైడర్ మీద పడుకున్న బర్రెలు. హారన్, బ్రేకుల కీచు, తలుపు మీద కండక్టర్ చేత్తో కొట్టే చప్పుడు, అన్నీ ప్రభాకర్ నిజం బస్సుల్లో తిరిగి రికార్డు చేసుకొచ్చినవే.

కిందటిసారి వచ్చినప్పుడు ఆ హారన్ విని ప్రభాకర్ డబ్బాని చెవి దగ్గర్నుంచి తీసి దాని వైపు జాలిగా చూశాడు.

"ఇది బస్సా? మేక దగ్గినట్టుంది."

"స్పీకర్ గింతే ఉంటే సౌండ్ ఏడికెల్లొస్తది రా?"

"ఫోన్ల స్పీకర్ ఇంకా చిన్నగుంటది. అది ఎట్ల ఒర్రుతుంది?" అన్నాడు ప్రభాకర్. "బొమ్మ నాది, గొంతు నీది. నా బస్సు ఇజ్జత్ తియ్యకు జుబేర్."

తర్వాత మళ్లీ రాలేదు.

జుబేర్ పనిచేసేది పాశమైలారంలో, మందు సీసాలకి మూతలు పోసే ప్లాస్టిక్ యూనిట్‌లో. ఒకరోజు మెషిన్ దగ్గర నిలబడి వేడివేడిగా పడుతున్న తెల్ల మూతల్ని చూస్తుంటే అతనికి తట్టింది. స్పీకర్ ముందు నుంచి ఎంత చప్పుడు వస్తుందో వెనక నుంచీ అంతే వస్తుంది. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. వెనక చప్పుడుని ఎక్కడైనా మూసిపెట్టాలి. ఫోన్లలో చేసేది అదే.

పక్కన పడేసిన మూతల్లోంచి ఒకటి జేబులో వేసుకొచ్చాడు. స్పీకర్ దాని మీద సరిగ్గా కూర్చుంది. చుట్టూ గాలి పోకుండా జిగురు పెట్టాడు. స్పీకర్ తీగలు రెండిటినీ మెలేసి, తెర తీగలకి దూరంగా జరిపాడు. డబ్బా ముందు చిల్లులు పెద్దవి చేశాడు.

ఆన్ చేసి హారన్ బటన్ నొక్కాడు.

వంటింట్లోంచి అతని తల్లి రషీదున్నీసా గరిటెతో సహా బయటికి వచ్చింది. "గల్లీలకి బస్సు ఎందుకొచ్చింది?"

ఇంటర్ చదివే చెల్లెలు తూబా పుస్తకం మూసేసింది. "అమ్మీ, బస్సు కాదు. భాయ్‌జాన్ డబ్బా. ఇన్ని రోజులకి మాట్లాడింది."

జుబేర్ నవ్వాడు. నవ్వుతూనే ఫోన్ తీసి ప్రభాకర్ నంబర్ కొట్టాడు. చేతికి అలవాటైన పని, ఆలోచించి చేసింది కాదు. అవతల రింగ్ వెళ్లింది. ఎవరూ ఎత్తలేదు.

అదే సమయంలో డబ్బాలోంచి కొత్త చప్పుడు వచ్చింది. గర్ర్. ఆగి, గర్ర్, గర్ర్. తర్వాత ఆపకుండా గరగరమని.

రింగ్ ఆగాక గరగర కూడా ఆగింది.

నా ఫోన్ పక్కనే ఉంది కదా, అందుకే అనుకున్నాడు జుబేర్. ఫోన్‌ని వంటింట్లో పెట్టి వచ్చాడు. కొంతసేపు ఏమీ లేదు. ఆటలో బస్సు రుద్రారం కూడా దాటకముందే మళ్లీ గరగర.

అక్కడి నుంచి అది అతన్ని వదల్లేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండు మూడు సార్లు, సాయంత్రం ఎక్కువసార్లు. ఆట ఆడుతున్నా వచ్చేది, ఊరికే ఆన్‌లో పెట్టినా వచ్చేది. యాంప్లిఫయర్ బోర్డు మార్చాడు. కెపాసిటర్లు కలిపాడు. తెర పూర్తిగా పీకేశాడు. నెట్‌లో చెప్పినట్టు తీగల చుట్టూ వంటింటి అల్యూమినియం కాగితం చుట్టాడు.

"బిర్యానీ దమ్ పెడుతున్నవా?" అంది తూబా.

"చదువుకో నువ్వు."

"చదువుతున్న. దయ్యం పట్టిన డబ్బాలు అని లెసన్."

మిగిలింది ఇన్వర్టర్. జుబేర్ కూర్చునే బల్ల ముందుగదిలో మూలన, ఇన్వర్టర్ పక్కనే ఉంది. ప్లగ్గులన్నీ అక్కడే ఉన్నాయి మరి. బ్యాటరీ కింద చక్రాల ట్రాలీ, దాని మీద పాత దుప్పటి కప్పి ఉంటుంది. ఇన్వర్టర్ స్విచ్ ఆపి చూశాడు. అయినా గరగర వచ్చింది. ట్రాలీనే అవతలి గదిలోకి నెట్టేద్దామని దాని పిడి పట్టుకున్నాడు.

"ముట్టకు దాన్ని."

ఫజలుద్దీన్ డ్యూటీకి తయారై తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"స్విచ్ బంద్ చేసిన అబ్బా. షాక్ కొట్టదు."

"బ్యాటరీల నుంచి ఆసిడ్ కారుతుంది. మిస్త్రీని పిలిపిస్త."

"నేనే సాఫ్ చేస్త. ఎంతసేపు?"

"ముట్టకన్నగద."

ఫజలుద్దీన్ గొంతు పెంచే మనిషి కాదు. కంపెనీ గేటు దగ్గర కూడా లారీ డ్రైవర్లని భాయ్ అనే పిలుస్తాడు. జుబేర్ పిడి వదిలేశాడు. తండ్రి వెళ్లాక తూబా అంది, "మనకంటె ఇన్వర్టరే అబ్బాకి లాడ్లా బిడ్డ."

శుక్రవారం మధ్యాహ్నం బక్కమ్మ వచ్చింది.

హత్నూర దగ్గరి ఊరు ఆమెది. కూలికి పోతుంది. ఈమధ్య కూలి మానేసి బస్సుల్లో తిరుగుతోంది: ఊరి నుంచి సంగారెడ్డి, సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు, అక్కడి నుంచి కంపెనీ గేటు. ప్రతిసారీ తిరిగి వెళ్లేముందు పటాన్‌చెరులోనే ఉన్న జుబేర్ ఇంటికి వస్తుంది. జుబేర్ ఆమె కొడుకు దోస్తు కాబట్టి.

రషీదున్నీసా చాపేసింది, నీళ్లిచ్చింది, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

"పోయినవా గేటు కాడికి?" జుబేర్ అడిగాడు.

"పోయిన. మీ నాయిన నమాజుకు పోయిండట, వేరెటోడున్నడు. చంద్రకాంత్ సారట, ఆఫీసుల నుంచి ఆయనొచ్చిండు. మంచిగనే మాట్లాడిండు. పెద్దమ్మా, నీ కొడుకు బొంబాయి పోయుంటడు, ఎవరన్న పిల్ల ఉందేమో అడుగు అన్నడు." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "వాడు నాకు చెప్పకుంట కటింగ్ గూడ చేపిచ్చుకోడు. పిల్లను తీస్కొని బొంబాయి పోతడా?"

జుబేర్ నీళ్ల గ్లాసు ఆమె ముందుకి జరిపాడు.

"దసరాకి రాలేదని తిట్టిన బిడ్డా. ఆ అలుకనే. లేకపోతె ఫోన్ ఎందుకు మోగుతది? బంద్ అయితె వేరు. మోగుతున్నదంటె ఛార్జింగ్ పెడుతున్నట్టే గద. వాడు గాకపోతె ఎవరు పెడతరు?" ఆమె రవికలోంచి చిన్న కీప్యాడ్ ఫోన్ తీసి, ఒకటే బటన్ చాలాసేపు నొక్కి పట్టుకుంది. "ఇగో చూడు. వినుకో."

బల్ల మీద డబ్బా గరగరమంది. గర్ర్. గర్ర్, గర్ర్. ఆ తర్వాతే బక్కమ్మ ఫోన్‌లో రింగ్ మొదలైంది.

"ఏందది?" బక్కమ్మ ఉలిక్కిపడింది.

జుబేర్‌కి ఒక్కసారి చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. ఇంట్లో పాత టీవీ ఉన్న రోజుల్లో దాని మీద అబ్బా తన కీప్యాడ్ ఫోన్ పెట్టేవాడు. ఫోన్ మోగకముందే టీవీ గరగరమనేది. తూబా, తను పోటీపడి "ఫోనొస్తుంది" అని అరిచేవాళ్లు. ఈ రోజుల పెద్ద ఫోన్లు అలా చేయవు. పాత రకం ఫోన్లు చేస్తాయి.

"నీ ఫోన్ వల్లనే అమ్మా," అన్నాడు. గుండె తేలికైంది. తప్పు తన చేతి పనిలో లేదు. స్పీకర్ మంచిదే, మూత మంచిదే. "పాత ఫోన్ దగ్గరుంటె గట్లనే అంటది. నేను ఉత్తగ పరేషాన్..."

మాట మధ్యలో ఆగిపోయింది.

ఇన్ని రోజులూ బక్కమ్మ ఫోన్ ఈ ఇంట్లో లేదు.

ఇంట్లో ఉన్నవి నాలుగు పెద్ద ఫోన్లు. కీప్యాడ్ ఫోన్ ఎవరికీ లేదు. మొదటిసారి గరగర వచ్చింది తను ప్రభాకర్‌కి ఫోన్ చేసినప్పుడు. ఇప్పుడు వచ్చింది బక్కమ్మ చేసినప్పుడు. ఇద్దరూ కొట్టింది ఒకటే నంబర్.

"అమ్మా, జెర బయటికి పో. మూల మీద కిరాణా దుకాణం కాడ నిలబడి మళ్లా చెయ్యి."

"ఎందుకు? ఈడ సిగ్నల్ లేదా?"

"అట్లనే అనుకో. తూబా, నువ్వు గూడ పో. అమ్మ బటన్ నొక్కంగనే నాకు చెయ్యి లేపి చూపియ్యి. కిటికీల నుంచి చూస్తుంట."

తూబా వెటకారం ఏదో అనబోయి, అన్న ముఖం చూసి చెప్పులేసుకుంది.

జుబేర్ డబ్బాని చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎండలో ఇద్దరూ గల్లీ చివరిదాకా నడిచారు. బక్కమ్మ ఫోన్ చెవికి పెట్టుకుంది. తూబా చెయ్యి లేపింది.

డబ్బా సన్నగా గరగరమంది.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. గరగర పెరిగింది. బల్ల దగ్గరికి వచ్చాడు. ఇంకా పెరిగింది. డబ్బాని కిందికి వంచి దుప్పటి కప్పిన ట్రాలీ దగ్గర పెట్టాడు. స్పీకర్ అదిరిపోయింది.

ట్రాలీ లాగాడు. ఆసిడ్ చుక్క ఎక్కడా లేదు. బ్యాటరీకీ గోడకీ మధ్య పాలిథిన్ కవర్‌లో చుట్టిన చిన్న ఫోన్ ఉంది. దానికి ఛార్జర్ తీగ. చప్పుడు లేకుండా దాని తెర వెలుగుతోంది. తెర మీద 'అమ్మ' అని ఉంది.

వెనక మూత మీద రంగు పెన్నుతో గీసిన బస్సు బొమ్మ. ప్రభాకర్ తన వస్తువులన్నిటి మీదా గీసే బొమ్మే.

జుబేర్ దాన్ని కవర్‌తో సహా చేతిలోకి తీసుకున్నాడు.

ఆ కంపెనీలో ఫోన్ లోపలికి పోదు. లోపలంతా మంట అంటుకునే ద్రావకాలు. గేటు దగ్గర చెక్క గూళ్లుంటాయి. షిఫ్టు ఎక్కేవాడు ఫోన్ గూట్లో పెట్టి నంబరు బిళ్ల తీసుకోవాలి, దిగేటప్పుడు బిళ్ల ఇచ్చి ఫోన్ తీసుకోవాలి. అందుకే డ్యూటీకి అందరూ చిన్న ఫోన్లే తెచ్చుకుంటారు. ఆ గూళ్ల కాపలా ఫజలుద్దీన్‌ది. వాన కురుస్తున్నా, కంపెనీ వ్యాన్ హారన్ కొడుతున్నా ఫోన్ తీసుకోకుండా ఎవడూ గేటు దాటడని తండ్రే నవ్వుతూ చెప్పేవాడు.

ప్రభాకర్ ఫోన్ తీసుకోలేదంటే ప్రభాకర్ గేటు దాటలేదు.

మర్చిపోయాడేమో. అబ్బా తీసిపెట్టాడేమో, ఇద్దామని. అలాగైతే గోడ వెనక ఎందుకు? ఛార్జింగ్ ఎందుకు?

గల్లీలో చెప్పుల చప్పుడు. తూబా, బక్కమ్మ తిరిగొస్తున్నారు. జుబేర్ చేతిలో ఫోన్ ఉంది. చేయాల్సింది ఒకటే, ఆ ఫోన్ ఆమె చేతిలో పెట్టడం. అది తెలిసి కూడా అతని చేతులు వేరే పని చేశాయి. ఫోన్‌ని ఉన్నచోటే పెట్టి ట్రాలీని గోడకి నెట్టాయి, దుప్పటి సర్దాయి.

"ఎత్తలేదు," అంది బక్కమ్మ లోపలికి వస్తూ. అతని చేతిలోని డబ్బా చూసింది. "మంచిగైందా బిడ్డా?"

"ఇంక కాలే అమ్మా."

"అయితది. వాడొచ్చేలోపు చేసిపెట్టు. ఆ బస్సు ఆట గురించి నాకు ఫోన్ల ఎంత చెప్తడో. నాకేం సమజ్ కాదు, ఊ అంట."

చాయ్ తాగింది. రషీదున్నీసా రెండు రొట్టెలు, కూర గిన్నెలో సర్ది ఇచ్చింది. జుబేర్ ఆమెని బండి మీద బస్టాండ్‌లో దింపాడు. బస్సు కదిలేదాకా ఆమె కిటికీలోంచి ఏదో చెబుతూనే ఉంది. అతనికి ఒక్క మాటా చెవికెక్కలేదు.

ఫజలుద్దీన్ డ్యూటీ దిగి వచ్చేసరికి ఫోన్ బల్ల మీద ఉంది. పాలిథిన్ కవర్ పక్కన మడిచి పెట్టి ఉంది. రషీదున్నీసా, తూబా గోడకి ఆనుకుని కూర్చున్నారు. జుబేర్ వాళ్లకి చెప్పేశాడు.

ఫజలుద్దీన్ కుర్చీలో కూర్చుని ఒక బూటు విప్పాడు. రెండోది విప్పబోతూ బల్ల వైపు చూశాడు.

"ముట్టకన్న గద," అన్నాడు. గొంతులో కోపం లేదు.

"ప్రభాకర్ ఏడున్నడు అబ్బా?"

"తెల్వదు."

"అబ్బా."

"ఖుదా కసమ్, తెల్వదు రా." రెండో బూటు అలాగే ఉంచేశాడు. "సాయంత్రం షిఫ్టు దిగిన్రు. అందరు బిళ్లలిచ్చి ఫోన్లు తీసుకున్నరు. ఒక్క గూడు మిగిలింది. ఓవర్‌టైం చేస్తుండు అనుకున్న. ట్యాంకు కడిగే పని ఉందని పొద్దున చెప్పిండు నాకు. జెరసేపటికి లోపల ఉరుకులాట. సైరన్ లేదు, ఏం లేదు. వెనక గేటు నుంచి కంపెనీ బొలెరో పోయింది, లైట్లు వెయ్యకుంట. నేను ముందు గేటు మీదున్న. ఇంతే చూసిన."

"మరి ముందటి నుంచే పోయిండని ఎట్ల చెప్పినవ్?"

"తెల్లారి పొద్దున చంద్రకాంత్ సార్ గూళ్ల కాడికొచ్చిండు. ఎప్పుడన్న వస్తడా ఆయన? ఫజల్ భాయ్, ఆ పిల్లగాడు నిన్ననే పోయిండు గద, ఈ ఫోన్ ఇంకా ఈడుందేంది అన్నడు. పోలేదు సార్ అన్న. పోయిండు, నువ్వే చూసినవ్ అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. నా భుజం మీద చెయ్యేసి అన్నడు." ఫజలుద్దీన్ తన భుజం తడుముకున్నాడు. "జహీరాబాద్ బస్సెక్కి సీటు కింద పెట్టి దిగిపొమ్మన్నడు. ఫోన్ ఎక్కడికి పోతె మనిషి గూడ అక్కడికే పోయినట్టు లెక్క అన్నడు. రూముల బ్యాగు గూడ వాళ్లే తీసుంటరు."

"ఎక్కినవా?"

"ఎక్కిన. సీటు కింద పెట్టిన. సదాశివపేటల దిగుదామని లేచిన. అప్పుడు మోగింది. వంగి చూస్తె అమ్మ అని పడ్డది. పక్కనోడు నీదేనా చాచా అని అడిగిండు." బల్ల మీది ఫోన్ వైపు చూశాడు. "నాదే అన్న. సౌండ్ బంద్ చేసి జేబుల పెట్టుకుని దిగిన."

రషీదున్నీసా మొదటిసారి మాట్లాడింది. "ఛార్జింగ్ ఎందుకు పెడుతున్నవ్?"

"బంద్ అయితె..." ఫజలుద్దీన్ ఆమె వైపు చూశాడు, నువ్వే చెప్పు అన్నట్టు. "ఆమె పొద్దుమాపు చేస్తది. మోగుతున్నదంటె కొడుకు ఉన్నడనుకుంటది. నేను బంద్ చేస్తె ఆ రోజు వాడు పోయినట్టు. అది నాతోని అయితలేదు."

"నువ్వు ఆమెకి మేలు చేస్తున్నవనుకుంటున్నవా?" అన్నాడు జుబేర్.

"లేదు. ఏం చేస్తున్ననో నాకే తెల్వదు."

"పోలీసులకిద్దాం పట్టు."

"ఇద్దాం. ఎక్కడ దొరికిందంటరు. ఫజలుద్దీన్ ఇంట్ల, ఇన్వర్టర్ వెనక. గేటు దాటిండని సంతకం పెట్టినోడెవడు? ఫజలుద్దీన్. చంద్రకాంత్ సార్‌ని పిలిస్తె ఏమంటడు? మాకేం తెల్వదు, గార్డు ఫోన్ గుంజుకున్నడు, పిల్లగాన్ని ఏం చేసిండో మీరే అడుగుండ్రి అంటడు. ట్యాంకు ఎప్పుడో కడిగేసిన్రు. బొలెరో చూసింది నేనొక్కన్ని. అబద్ధం చెప్పినోని మాట ఎవరింటరు?"

జుబేర్ ఆ మాటల్లో ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని వెతికాడు. ఎక్కడా దొరకలేదు. నిజం చెబితే అబ్బా లోపలికి పోతాడు, చంద్రకాంత్ బయటే ఉంటాడు. చెప్పకపోతే బక్కమ్మ ఇలాగే బస్సులు మారుతూ ఉంటుంది. మూడో దారి ఒకటుంది. సిమ్ విరిచి, ఫోన్‌ని ఇస్నాపూర్ చెరువులో పడేసి రావడం. అంతా చెరిగిపోతుంది. బండి మీద ఎంతోసేపు పట్టదు. ఆ దారి తన బుర్రలోకి ఎంత సులువుగా వచ్చిందో జుబేర్ గమనించాడు. చంద్రకాంత్ అబ్బాకి చెప్పింది కూడా ఇలాంటిదే.

"కొన్ని రోజులు ఆగుదాం," అన్నాడు ఫజలుద్దీన్.

"ఆగితె ఏమైతది?" అంది తూబా.

ఫజలుద్దీన్ విప్పిన బూటుని కాలితో కుర్చీ కిందికి నెట్టాడు.

బల్ల మీద డబ్బా ఆన్‌లోనే ఉంది. గర్ర్ మంది. ఆగి, గర్ర్, గర్ర్.

నలుగురూ ముందు డబ్బా వైపు చూశారు, తర్వాత ఫోన్ వైపు. తెర వెలిగింది. అమ్మ. ఊరు చేరి ఉంటుంది. జుబేర్ చెయ్యి చాపాడు. ఎత్తడానికో, కట్ చేయడానికో అతనికే తెలియలేదు. అంతలో రషీదున్నీసా లేచి వచ్చి ఫోన్ తీసుకుని బటన్ నొక్కింది. చెవికి పెట్టుకోలేదు. మాట్లాడలేదు కూడా.

పాత ఫోన్, గొంతు బయటికే వినిపించింది.

"ప్రభా?"

గదిలో గరగర తప్ప ఏమీ లేదు. జుబేర్ డబ్బా స్విచ్ ఆపేశాడు.

"ప్రభా? బిడ్డా?"

"నేను... జుబేర్ వాళ్ల అమ్మీని," అంది రషీదున్నీసా.

అవతల్నుంచి బక్కమ్మ నవ్వు వినిపించింది, ఏడుపుతో కలిసిపోయి. "అక్కా, నువ్వా? మీ ఇంటికొచ్చిండా వాడు? నేను గట్ల బస్సెక్కంగనే వచ్చుంటడు దొంగ. నాకు ముందే తెల్సు. జుబేర్‌ని తిట్టొద్దని చెప్పు, వాడసలే అలిగుండు. తిన్నడా? జెర వానికియ్యి ఫోన్. నేనేమన్న అననని చెప్పు. ఇయ్యి అక్కా."

రషీదున్నీసా ఫోన్‌ని భర్త ముందుకి చాపింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఫజలుద్దీన్ దాని వైపు చూస్తూ ఉండిపోయాడు. అవతల బక్కమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది. పక్కింటివాళ్లెవరికో చెబుతోంది, దొరికిండు, పటాన్‌చెరుల ఉన్నడు అని. ఎవరో ఆడమనిషి "ఔనా వదినా" అంటున్న గొంతు కూడా వినబడుతోంది.

ఆ గొంతు విన్నాక ఫజలుద్దీన్ ఫోన్ తీసుకున్నాడు.

"బక్కమ్మా. నేను ఫజలుద్దీన్‌ని. గేటు కాడ ఉండేటోన్ని."

"అన్నా, వానికియ్యే."

"వాడు ఈడ లేడు. ఫోనే ఉంది." కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "నేను నీకు అబద్ధం చెప్పిన. మీవాడు గేటు దాటలే. ఆ రోజు ఫోన్ తీసుకోనీకి రాలే."

లైన్ కట్ అయిందేమోనని తూబా తెర వైపు తొంగి చూసింది. కట్ కాలేదు.

"దాటలేదా?" అంది బక్కమ్మ.

"దాటలే."

"అయితే లోపల్నే ఉన్నడా?"

ఫజలుద్దీన్ నోరు తెరిచాడు. బొలెరో గురించి చెప్పాలి. లైట్లు లేకుండా ఎటు పోయిందో తనకి తెలియదని చెప్పాలి. అందులో ఎవరున్నారో చూడలేదని, చూడటానికి రెండు అడుగులు కూడా వేయలేదని చెప్పాలి. ఏది ముందు చెప్పాలో తేల్చుకోలేక ఊపిరి మాత్రం పీల్చి వదిలాడు.

బక్కమ్మ అవతల్నుంచి అది విన్నది. ఆమెకి అది అవునన్నట్టే వినిపించింది.

"లోపల్నే ఉన్నడన్నట్టు. ఇన్ని రోజుల నుంచి లోపల్నే పెట్టుకున్నరన్నట్టు," అంది. ఆమె గొంతులో తొందర వచ్చేసింది. "నేనొస్తున్న అన్నా. ఇప్పుడే ఎవరన్న బండి మీద తీస్కొస్తరు. నువ్వుంటవ్ గద గేటు కాడ? నాకు జెర గేటు తియ్యి. నేను పోయి తెచ్చుకుంట."

జుబేర్ తండ్రి ముఖంలోకి చూశాడు. కాదని చెప్పడానికి ఇదే సమయం. ఆ గేటు తన చేతిలో లేదని, లోపల ఎవరూ లేరని, రావద్దని.

"తీస్త," అన్నాడు ఫజలుద్దీన్.

ఫోన్ కట్ అయింది. అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, విప్పిన బూటు కోసం కుర్చీ కింద వంగి వెతికాడు. దొరికాక కాలికి ఎక్కించుకోవడం చేతకాలేదు. రషీదున్నీసా వచ్చి కింద కూర్చుని లేసు కట్టింది. జుబేర్ బండి తాళం చెవి తీసుకున్నాడు. గేటు దగ్గరికి వెళ్లాక ఏం చేయాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా ఆమెకంటే ముందు అక్కడ ఉండాలని తండ్రీకొడుకులిద్దరూ బయటికి నడిచారు.